పెట్టె తెరిచి ఉండగా

జయకుమారికి సంజీవరావు బూట్ల దగ్గర్నుంచే నచ్చలేదు. కంప్యూటరు గదిలోకి చెప్పులతో రాకూడదని తలుపు మీద బోర్డు ఉంది. రాయించింది సెక్రటరీ వెంకయ్య గారే. సంఘం ప్రెసిడెంటు వచ్చినా, కలెక్టరాఫీసు నుంచి ఎవరొచ్చినా ఆ బోర్డు ముందు వంగి చెప్పులు విప్పుకోవాల్సిందే. సంజీవరావు మాత్రం కొత్త కంప్యూటరు ప్రోగ్రాం అమ్మడానికి విజయవాడ నుంచి కారులో వచ్చి, నల్లబూట్లు టకటకలాడించుకుంటూ నేరుగా లోపలికి నడిచి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. వెంకయ్య గారు ఆ బూట్ల వంక ఒకసారి చూసి, తర్వాత పైకప్పు వంక చూశారు.

అది ఎనభై ఎనిమిది మార్చి నెల. గుంటూరులో నల్లపాడు రోడ్డు మీద పత్తి రైతులు కొందరు కలిసి పెట్టుకున్న విత్తన సంఘం అది. దాని పని సూటిగా చెప్పొచ్చు. విత్తనం కోసం పత్తి పండించేవాళ్ళ దగ్గర్నుంచి గింజలు వస్తాయి. ఒక్కో రైతు తెచ్చిన సరుకు ఒక్కో లాటు, దానికో నంబరు. ప్రతి లాటులోంచి నాలుగు వందల గింజలు తీసి, వందేసి చొప్పున తడి కాగితాల్లో చుట్టి పన్నెండు రోజులు పెడతారు. నూటికి అరవై అయిదు పైన మొలిస్తే ఆ లాటు బస్తాలకు సంఘం ట్యాగు కుట్టి రైతులకు అమ్ముతారు. మొలవకపోతే ఆ గింజలు నూనె మిల్లుకు పోతాయి.

మొలకలు లెక్కపెట్టేది కరీమున్. నలభై దాటిన మనిషి, పదకొండేళ్ళుగా అదే పని. కాగితం చుట్ట విప్పి, ఒక్కసారి వేలు ఆనించకుండా, ఏది మంచి మొలకో ఏది వంకర మొలకో చూపుతోనే ఏరేసేది. ఆమె చెప్పిన అంకెను రెండోసారి లెక్కపెట్టాల్సిన అవసరం ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ముందు ఆ అంకెల్ని పెన్సిలుతో తన రిజిస్టరులో రాసుకునేది, తర్వాత వచ్చి కంప్యూటరులో ఎక్కించేది.

ఆ ఎక్కించే ప్రోగ్రాం జయకుమారి రాసింది. ఆమెది అద్దంకి. వాళ్ళ నాన్న అక్కడి చర్చి స్కూల్లో లెక్కల మాస్టారు. గుంటూరులో బీయెస్సీ చదివి, ఏడాది కంప్యూటరు కోర్సు చేసి, టెంపరరీ ఉద్యోగంలో చేరి, ఆరు నెలలు కష్టపడి ఆ ప్రోగ్రాం నిలబెట్టింది. చూడ్డానికి ఏమీ ఉండదు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఒక లాటు ఫైలు తెరవాలంటే ఒక మీట నొక్కాలి. నొక్కగానే తెరంతా లాటు నంబర్ల పట్టిక నిండిపోతుంది. వాటిలో ఒకటి ఎంచుకోవాలి, లేదా వద్దని మీట నొక్కి వెనక్కి పోవాలి. ఆ రెండూ తప్ప ఇంకేం చేసినా అది ఉలకదు, పలకదు.

సంజీవరావు ఆ మీటా ఈ మీటా నొక్కి చూసి నవ్వాడు.

"ఇదేంటండీ, పట్టిక తెరిస్తే స్క్రీను మొత్తం మూసేశారు?"

"ఫైలు ఎంచుకునేదాకా ఇంకో పని చెయ్యకుండా ఉండాలని," అంది జయకుమారి.

"దీన్ని మోడల్ డైలాగ్ అంటారు సార్," అన్నాడతను ఆమెతో కాకుండా వెంకయ్య గారితో.

"కొత్త మోడలా?" అన్నారు వెంకయ్య గారు ఆశగా.

"పాత పద్ధతి సార్. మనిషిని ఒక ప్రశ్న అడిగి, జవాబు చెప్పేదాకా అక్కడే నిలబెట్టేస్తుంది. బొంబాయిలో ఇప్పుడెవరూ ఇలా చెయ్యట్లేదు."

"డైలాగులంటే సినిమాలకే అనుకున్నా. వీటికీ ఉంటాయన్నమాట."

సంజీవరావు బొంబాయిలో ఉన్నది మొత్తం ఆరు నెలలు. ఆ ఆరు నెలలే అతని నోట్లో అరవై ఏళ్ళయ్యాయి. అతను బ్యాగులోంచి ఫ్లాపీ తీసి పెట్టాడు. వెంట తెచ్చిన మౌస్‌ని మిషనుకు తగిలించాడు. నీలం రంగు తెర మీద ఒక పక్క అంకెల ఫారం, ఇంకో పక్క పసుప్పచ్చ అంచుతో లాటు నంబర్ల పెట్టె వచ్చాయి. పెట్టెకు వెనక నీడ కూడా ఉంది. ఆ నీడ చూసి వెంకయ్య గారి నోరు తెరుచుకుపోయింది.

"చూడండి సార్. ఈ పెట్టె తెరిచి ఉన్నా ఫారం బతికే ఉంది. ఇందులో వెతుక్కుంటూ అందులో టైపు చేసుకోవచ్చు. అందులో టైపు చేస్తూ ఇందులో నొక్కొచ్చు. మనిషి యజమాని, మిషను నౌకరు. నౌకరు యజమానిని ఆగమంటాడా?"

"అనకూడదు," అన్నారు వెంకయ్య గారు. ఆయన ఇంట్లో నలుగురు జీతగాళ్ళు. ఈ మాట ఆయనకు బాగా ఎక్కింది.

"ఒకటి అడగనా అండీ," అంది జయకుమారి. "పెట్టె తెరిచి ఉండగా ఫారంలో ఒక అంకె మార్చామనుకోండి. తర్వాత పెట్టెలో వేరే లాటు ఎంచుకున్నామనుకోండి. మార్చిన అంకె ఏ లాటుకు చేరుతుంది?"

"అలా ఎవరు చేస్తారు మేడమ్?"

"చెయ్యడానికి వీలున్నప్పుడు ఎవరో ఒకరు చేస్తారుగా."

"అది మీ స్టాఫ్ ట్రైనింగుని బట్టి ఉంటుంది," అన్నాడు సంజీవరావు. అడిగినదానికి అది జవాబు కాదని ఆ గదిలో ఒక్కళ్ళకే తెలిసింది.

నెల తిరక్కుండా అతని ప్రోగ్రాం సంఘానికి వచ్చింది. ప్రోగ్రాం రాసిన అసలు కాపీ, అంటే దిద్దడానికి వీలైనది, కూడా ఫ్లాపీలో ఇమ్మని వెంకయ్య గారు పట్టుబట్టారు. ఏం చేసుకుంటారో ఆయనకే తెలియదు, కొన్నది మొత్తం చేతికి రావాలి, అంతే. ప్రోగ్రాం పరీక్షించి సంతకం పెట్టే పని జయకుమారికి అప్పజెప్పారు.

ఆమె మొదటి రోజు మధ్యాహ్నానికే గొయ్యి ఎక్కడుందో కనిపెట్టింది. పెట్టెలో ఒక నంబరు నొక్కగానే ప్రోగ్రాం 'ఇకనుంచి లాటు ఇది' అని పై వరసలో పేరు మార్చేస్తుంది. మామూలుగా అయితే కింద అంకెల్ని కూడా మార్చాలి. కానీ ఎవరైనా అప్పుడే ఫారంలో ఏదన్నా దిద్ది ఉంటే, వాళ్ళ టైపు పోతుందని జాలిపడి ఆ అంకెల్ని అలాగే ఉంచుతుంది. పైన పేరు ఒకరిది, కింద బతుకు ఇంకొకరిది. అలా ఉండగా సేవ్ నొక్కితే అంతే సంగతులు. యజమానిని ఆగమనకూడదని వేసిన వేషం ఇది. పైన పటారం, లోన లొటారం.

వెంకయ్య గారి దగ్గరికి వెళ్ళి ఒక చిక్కుందని చెప్పబోయింది. ఆయన పూర్తిగా వినలేదు.

"నీ ప్రోగ్రాం తీసేశామని నీకు కడుపుమంటమ్మా. ఆ వయసులో ఉంటుందిలే. పెద్ద కంపెనీ వాడు చేసిందానికి నువ్వు వంక పెడతావా?"

ఆమె తన గదికి వచ్చింది. 'పరీక్షించడమైనది, సంతృప్తికరంగా ఉన్నది' అని టైపు చేసి ఉన్న కాగితం తీసుకుని కింద సంతకం పెట్టింది. భయపడి పెట్టలేదు. చెడితే చెడనీ, వాళ్ళ మొహాలు చూడాలి అనుకుని పెట్టింది. కరీమున్‌కి పని నేర్పేటప్పుడు కూడా పెట్టె తెరిచి ఉండగా ఫారం ముట్టుకోవద్దని చెప్పలేదు. చెబితే కరీమున్ జాగ్రత్తగా ఉంటుంది. ఆమె జాగ్రత్తగా ఉన్నన్నాళ్ళూ ఆ ప్రోగ్రాం బ్రహ్మాండమని పేరు సంజీవరావుకు పోతుంది. ఆ పేరు అతనికి పోవడం జయకుమారి భరించలేకపోయింది.

ఏప్రిల్ గడిచింది. మే గడిచింది. రోజూ లాట్లు వస్తున్నాయి, చుట్టలు విప్పుతున్నారు, ట్యాగులు అచ్చవుతున్నాయి. వెంకయ్య గారు వచ్చిన ప్రతివాడికీ ఆ పెట్టె వెనక నీడ చూపించేవారు. ఏమీ జరగనందుకు జయకుమారికి లోపల్లోపల విసుగ్గా ఉండేది. కరీమున్ మాత్రం మౌస్‌ని ఎలుక అనేది. దాన్ని మెత్తగా పట్టుకుని, "నా చేతిలో నువ్వు కొరక్కుండా ఉంటే చాల్లే తల్లీ," అనేది.

జులై ఆఖరివారంలో వెంకటరావమ్మ వచ్చింది.

పర్చూరు వైపు పల్లె ఆవిడది. మొగుడు పోయాక ఎనిమిదెకరాల నల్లరేగడి ఒంటిచేత్తో సాగుచేస్తోంది. బోర్డు చదివి చెప్పులు విప్పి, నేరుగా కంప్యూటరు గదిలోకి వచ్చింది. భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద విప్పింది. అందులో బురద పట్టిన పత్తిగింజలు ఉన్నాయి. నొక్కితే మెత్తగా చితికిపోతున్నాయి. పక్కన సంఘం ట్యాగు పెట్టింది.

"ఈ బిళ్ళ మీరిచ్చిందేనా?"

"మాదేనండి," అంది జయకుమారి.

"దీని మీద ఎంతుంది?"

"ఎనభై నాలుగు."

"నూటికి ఎనభై నాలుగు మొలుస్తాయని. మంచి పదునులో వేశానమ్మాయ్. మా ఊళ్ళో అందరికంటే ముందు వేశాను. పది రోజులు చూశాను. పక్క చేలో మొక్కలు రెండాకులు వేస్తే నా చేలో కొంగలు తిరుగుతున్నాయి. సాలుకి నాలుగు మొక్కలుంటే గొప్ప. నాతోపాటు ఇంకో పదిమంది. అందరివీ ఇదే నంబరు బస్తాలు. మీ మిషన్ ఎనభై నాలుగంది గదా, నాకు ఆ ఎనభై నాలుగూ చూపించు."

ట్యాగు మీద లాటు నంబరు రెండు వందల పద్నాలుగు. కరీమున్ రిజిస్టరు తెచ్చింది. ఆమె చేతిరాతలో, పెన్సిలుతో, ఆ లాటుకు ఎదురుగా నలభై ఒకటి అని ఉంది. పక్కన ఇంటూ గుర్తు కూడా ఉంది. నూనె మిల్లుకు పోవాల్సిన సరుకు.

ఈ సంగతి గంటలో వెంకయ్య గారి చెవికి చేరింది. ఆయన విజయవాడకు ఫోను చేశారు. అటు నుంచి సంజీవరావు రెండే రెండు మాటలు చెప్పాడట, "ఆపరేటర్ మిస్టేక్" అని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. వెంకయ్య గారికి ఆ రెండు మాటలు చాలు. సాయంత్రానికి కరీమున్‌ని పిలిచి, శనివారం కమిటీ ముందు సంజాయిషీ చెప్పాలనీ, అంతవరకు ల్యాబులోకి రానక్కర్లేదనీ చెప్పారు.

కరీమున్ ఏడవలేదు. చుట్టలు తడిపే పళ్ళెం కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని జయకుమారి దగ్గరికి వచ్చింది.

"నలభై ఒకటి నేనే లెక్కపెట్టా జయమ్మా. నా కళ్ళు ఇంకా పోలేదు. ఎక్కించేటప్పుడు కూడా నలభై ఒకటే ఎక్కించా. మరి అదెట్టా మారింది?"

జయకుమారికి ఎట్టా మారిందో తెలుసు. వెంకయ్య గారి మొహం, సంజీవరావు మొహం చూద్దామని మూడు నెలలు కాచుకుని కూర్చుంది. తీరా ఇప్పుడు ఎదుట ఉన్నది కరీమున్ మొహం.

ఆమె వెళ్ళాక మిషను ముందు కూర్చుని ఫైళ్ళ వివరాలు తీసింది. ఏ ఫైలు ఏ రోజు ఎన్నింటికి సేవ్ అయిందో మిషను దాచిపెట్టుకుంటుంది. రెండు వందల పద్నాలుగు ఫైలు చివరిసారి సేవ్ అయింది మే ఇరవై ఎనిమిది, పదకొండు నలభై రెండు. దానికి వెనకటిది, అరగంట ముందు, రెండు వందల తొమ్మిది. ఆ లాటు తీసి చూసింది. ఎనభై రెండు. రిజిస్టరులో ఆ లాటు దగ్గర ఎనభై రెండు కొట్టేసి ఎనభై నాలుగు అని దిద్ది ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆనందపేటలో కరీమున్ ఇంటికి వెళ్ళింది.

"అక్కా, రెండొందల తొమ్మిది లాటుకి అంకె ఎందుకు దిద్దావు?"

కరీమున్ కాసేపు గుర్తు చేసుకుంది. "ఇంకా ఎక్కువ రావాలని ఆ రైతు గొడవ చేస్తే నాలుగో చుట్ట మళ్ళీ లెక్కపెట్టాం కదా. ఎనిమిది మొలకలు అడుగున ఇరుక్కున్నాయి. మంచివే. నేను రిజిస్టరులో దిద్ది, ఆ లాటు అయిపోయిందనుకుని తర్వాతదాని కోసం పెట్టె తెరిచా. రెండొందల పద్నాలుగుకి తిరగ్గొట్టే కాగితం అచ్చెయ్యాలి. అంతలో సెక్రటరీ గారే వచ్చి, ఆ రైతు ఫోన్లో ఉన్నాడు, ఎనభై నాలుగని ఇప్పుడే దిద్దు అన్నారు. ఫారం కనపడుతూనే ఉందిగా, దిద్దా. తర్వాత పెట్టెలో నంబరు నొక్కా."

"తర్వాత సేవ్."

"సేవ్ నొక్కి అచ్చు కొట్టా. అచ్చయ్యేది ప్యాకింగు గదిలో కదా, నేనేం చూశాను. తప్పా అది?"

"నీ తప్పు కాదక్కా."

"నీకు ముందే తెలుసా?"

జయకుమారి తలుపు పక్కన నీళ్ళ బిందె వంక చూసింది. "తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్ నుంచి."

కరీమున్ లేచి నిలబడింది. కేకలేస్తే బాగుండుననిపించింది జయకుమారికి. ఆమె కేకలెయ్యలేదు. "పెట్టె తెరిచినప్పుడు ఫారం ముట్టుకోకక్కా అని ఒక్క మాట. పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాం," అంది. టీ పెడతాననలేదు.

శనివారం కమిటీ కూర్చుంది. తొమ్మిదిమంది సభ్యులు, వెంకయ్య గారు, విజయవాడ నుంచి సంజీవరావు. ఈసారి బూట్లు ఇంకా మెరుస్తున్నాయి. తలుపు దగ్గర వెంకటరావమ్మ, ఆవిడ ఊరివాళ్ళు ఇద్దరు. గోడవారన కరీమున్. కంప్యూటరుని మీటింగు గదిలోకి మార్చారు.

సంజీవరావు పావుగంట మాట్లాడాడు. ప్రోగ్రాంలో లోపం ఉండే అవకాశమే లేదన్నాడు. చదువురాని వాళ్ళ చేతికి ఇలాంటి మిషన్లిస్తే ఇలాగే ఉంటుందన్నాడు. కరీమున్ పదో తరగతి పాసైంది. ఆమె ఆ సంగతి చెప్పబోతే వెంకయ్య గారు చేత్తో ఆగమన్నారు.

జయకుమారి లేచింది. "చదువుకున్నవాళ్ళు చేస్తే రాదంటారా అండీ?"

"రానే రాదు."

"అయితే మీరే కూర్చోండి. నేను లాటు నంబర్లు, అంకెలు చెబుతుంటాను. మీరు ఎక్కిస్తూ ఉండండి. కమిటీ వారు చూస్తారు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన వస్తువు మీద మనిషికి ఉండే ధీమా అది. ఆమె ఉత్తుత్తి లాట్లు రెండు పెట్టించింది, ఒకటి డెబ్బై ఎనిమిది, రెండోది ముప్పై. రెండూ సేవ్ చేశాడు. మళ్ళీ మొదటిది తెరిచాడు.

"ఇప్పుడు రెండో లాటు కాగితం అచ్చెయ్యాలండీ. పెట్టె తెరవండి."

పెట్టె వచ్చింది, పసుప్పచ్చ అంచు, వెనక నీడ. అతని వేలు మౌస్ మీద ఉంది.

"ఒక్క నిమిషం. మొదటి లాటుకి డెబ్బై ఎనిమిది కాదు, డెబ్బై తొమ్మిదట. ఇప్పుడే ఫోనొచ్చింది."

"చూశారా సార్," అన్నాడు సంజీవరావు కమిటీ వైపు తిరిగి. "పాత ప్రోగ్రాం అయితే ఇక్కడ ఆగిపోవాలి. పెట్టె మూసి, వెనక్కెళ్ళి, నానా తంటాలు. మనకా బాధ లేదు." మౌస్‌ని ఒయ్యారంగా జరిపి ఫారం మీద నొక్కి డెబ్బై తొమ్మిది కొట్టాడు. మళ్ళీ పెట్టె మీదికి జరిపి రెండో లాటు నొక్కాడు. సేవ్ నొక్కాడు. "అయిపోయింది."

"అచ్చు కొట్టండి."

ప్రింటరు గరగరలాడి కాగితం వదిలింది. జయకుమారి దాన్ని చింపి తను చదవకుండా వెంకటరావమ్మ చేతికిచ్చింది.

వెంకటరావమ్మ కళ్ళకు దూరంగా పట్టుకుని చదివింది. "రెండో లాటు. డెబ్బై తొమ్మిది. పాస్." తలెత్తింది. "ఇందాక దీనికి ముప్పై ఎక్కించావు గదయ్యా?"

సంజీవరావు తెర వంక చూశాడు. కాగితం తీసుకుని చూశాడు. "ఇది చాలా అరుదుగా..." అని మొదలుపెట్టాడు.

"రెండు నిమిషాలు పట్టిందండీ," అంది జయకుమారి. "మీరు బొంబాయిలో చదువుకున్నవారు. కరీమున్ అక్కకి రెండు నెలలు పట్టింది."

కమిటీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మే ఇరవై ఎనిమిదిన పదకొండు నలభై రెండుకి ఫారంలో అంకె దిద్దమన్నది ఎవరో కూడా ఆమె చెప్పింది. వెంకయ్య గారి మెడ ఎర్రబడింది. ఆయన ఊరుకునే రకం కాదు. ఫైల్లోంచి ఒక కాగితం లాగి బల్ల మీద పెట్టారు.

"మరి ఇదేంటమ్మా? పరీక్షించడమైనది, సంతృప్తికరంగా ఉన్నది. ఈ సంతకం ఎవరిది?"

"నాదేనండి."

"అప్పుడు నీకీ సంగతి తెలియదా?"

తెలియదంటే సరిపోయేది. సంజీవరావుకే తెలియనిది ఈ అమ్మాయికేం తెలుస్తుందని అందరూ నమ్మేవాళ్ళు. కరీమున్ గోడవారన నిలబడి ఆమె వంకే చూస్తోంది.

"తెలుసండి. మీకు ఒకసారి చెప్పబోయాను. మీరు కడుపుమంట అన్నారు. ఆ తర్వాత ఎవరికీ చెప్పలేదు. ఇది చెడిపోతే బాగుండునని సంతకం పెట్టాను."

మాట్లాడింది వెంకటరావమ్మే. ఆవిడ గొంతు పెంచలేదు.

"అమ్మాయ్. ఈ బూట్లాయనకి గర్వం ఎక్కువ, తెలివి తక్కువ. ఆయన్ని తిట్టి పోతాను, పీడా వదిలిపోద్ది. ఈ పెద్దాయనకి నీడా రంగులూ కావాలి. అదీ తెలుస్తానే ఉంది. నువ్వు తెలివిగలదానివి. గొయ్యి నీ కంటికి కనపడింది. కనపడి, ఎవరు పడతారా అని గట్టున కూర్చున్నావు. వాళ్ళు పడతారనుకున్నావు గదా? వాళ్ళకు చేలు లేవమ్మా. నాకుంది."

జయకుమారి ఇన్నాళ్ళూ ఈ లోకంలో చాలామందిని చిన్నచూపు చూసింది. వాళ్ళలో చాలామంది అందుకు తగినవాళ్ళే. తనను ఎవరైనా అలా చూస్తే ఎలా ఉంటుందో ఆమెకు ఆ రోజు దాకా తెలియదు. చేతులు కట్టుకుని నిలబడింది.

కమిటీ తేల్చినది ఇదీ. పదకొండుమంది రైతులకూ కొత్త విత్తనం వెంటనే ఇవ్వాలి. కరీమున్ సోమవారం నుంచి పనిలోకి రావాలి. జయకుమారికి మెమో ఇవ్వాలి, ఆ ఏడాది పర్మనెంటు చెయ్యకూడదు. సంజీవరావు ప్రోగ్రాం సరిచేసి ఇవ్వాలి. సంజీవరావు వారంలో చేస్తానని చెప్పి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఫోను చేస్తే క్యాంపులో ఉన్నారనేవాళ్ళు. వెంకయ్య గారికి మెమో మాత్రం రాలేదు. మెమోలు రాసేది ఆయనే కనుక.

ఫ్లాపీలో ఉన్న అసలు కాపీ తీసి జయకుమారే కూర్చుంది. పని చిన్నదే. పెట్టె తెరిచి ఉన్నంతసేపూ ఏ మీట నొక్కినా, మౌస్‌తో ఎక్కడ నొక్కినా అది పెట్టెకే చేరాలి. పెట్టెకు పనికిరానిదైతే మిషను ఒకసారి బీప్‌మనాలి. ఫారం కనపడుతుంది కానీ లొంగదు. ఎంచుకో, లేదా వద్దను. పదకొండు లైన్లు పట్టింది. పదకొండు లైన్ల పని కోసం పదకొండు కుటుంబాలు రెండోసారి చేలోకి దిగాయన్న లెక్క తనంతట తనే వచ్చి ఆమె బుర్రలో కూర్చుంది. దాన్ని అక్కణ్ణుంచి లేపలేకపోయింది.

అది పూర్తయిన మర్నాడు కరీమున్ మిషను ముందు కూర్చుంది. పెట్టె తెరిచి, కావాలనే ఫారం మీద నొక్కింది. బీప్‌మంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంది.

"కసురుకుంటోంది," అంది జయకుమారి వైపు చూడకుండా.

"కసరనీ అక్కా."

"అది కసిరినా నోరు తెరిచి చెబుతోంది. నయం," అంది కరీమున్. ఆ తర్వాత దీపావళి వెళ్ళేదాకా పనికి సంబంధించిన మాటలు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. అన్నం వరండాలో తినేది.

కొత్త విత్తనం అందేసరికి వెంకటరావమ్మ చేలో పదును పోయింది. ఆగస్టులో పడిన ఒక్క వానకు వేస్తే మొలిచింది, కానీ అదును దాటిన పైరు. దసరా నాటికి మోకాలెత్తు కూడా లేదు. జయకుమారి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళి ఆ చేను చూసింది. వెంకటరావమ్మ రమ్మనలేదు, పొమ్మనలేదు. చేను మొత్తం నడిపించింది. ఒక్కో సాలూ చూపించింది. చివర్న గట్టు మీద నిలబడి, "చూశావుగా, ఇక పో," అంది.

జనవరిలో సంఘానికి వచ్చిన ఒక మందుల కంపెనీ మనిషి మాటల్లో ఒక సంగతి చెప్పాడు. ఒంగోలులో ఒక నర్సింగ్ హోముకి సంజీవరావు ప్రోగ్రాం అమ్మాడట. రోగుల వివరాలు, మందుల చీటీలు అన్నీ అందులోనేనట. రంగు తెర, నీడ పడే పెట్టె, బ్రహ్మాండంగా ఉందట.

జయకుమారి ఆ మాట విని చాలాసేపు తన పని తను చేసుకుంది. సాయంత్రం సెలవు చీటీ రాసి వెంకయ్య గారి బల్ల మీద పెట్టింది. గుమ్మంలో కరీమున్ ఎదురైంది.

"ఎక్కడికి?"

"ఒంగోలు."

"నువ్వు చెబితే వింటారా వాళ్ళు?"

"వినకపోవచ్చు."

కరీమున్ లోపలికెళ్ళి, తన రిజిస్టరు తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఇది కూడా తీసుకుపో. నలభై ఒకటి ఎక్కడుందో చూపించు. మళ్ళీ జాగ్రత్తగా తీసుకురా."

ఒంగోలులో నర్సింగ్ హోము డాక్టరు గంటన్నర కూర్చోబెట్టి పిలిచాడు. ఆమె చెప్పింది సగం విని, అద్దాల మీంచి చూశాడు.

"సంజీవరావు గారు మీ గురించి ముందే చెప్పారమ్మా. గుంటూరులో ఒకామె ఉంది, పాతకాలం బుర్ర, కొత్తదంటే గిట్టదు అన్నారు."

ఆమె నాలుక చివరికి మంచి జవాబు ఒకటి వచ్చింది. ఆ జవాబు చెబితే ఆ డాక్టరు మొహం ఎలా మాడిపోతుందో కూడా కళ్ళకు కట్టింది. దాన్ని మింగేసింది.

"అన్నారేమోనండి. నాకు పది నిమిషాలు చాలు. చీటీలు రాసే సిస్టర్ని కూడా పిలవండి, ఆవిడ తప్పకుండా ఉండాలి," అని రిజిస్టరు తెరిచి ఆయన బల్ల మీద పెట్టింది.